నెలవంకకు హాలు బుకింగ్

న్యూజిలాండ్‌లో దేవుళ్లందరూ సమానులే. తేడా వచ్చేది పార్కింగ్ దగ్గర. ఇక్కడ ఎవరైనా ఏ దేవుణ్ణయినా నమ్ముకోవచ్చు, నమ్మడం మానేయవచ్చు, వారానికొక దేవుణ్ణి మార్చుకోవచ్చు. ఎవరూ పల్లెత్తు మాట అనరు. కానీ నమ్మేవాళ్లు పెరిగి, ఒకే పూట ఒకే చోటికి వచ్చారంటే మాత్రం దాన్ని భక్తి అనరు, ట్రాఫిక్ అంటారు. ట్రాఫిక్‌కు ఈ దేశంలో శాస్త్రం ఉంది, ఆ శాస్త్రానికి పండితులున్నారు, పండితులకు నారింజరంగు ప్లాస్టిక్ కోన్లున్నాయి. (ఈ దేశంలో మనుషుల కన్నా గొర్రెలు ఎక్కువని ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించినవాడు రోడ్ల మీది కోన్లను లెక్కలోకి తీసుకోలేదు.)

ఈ సత్యం నాకు బోధపడింది మా యాకూబ్ పాషా వల్ల. యాకూబ్‌ది జనగామ. నాలాగే చదువుకోడానికి వచ్చి, చదువు కన్నా ఫీజే బరువని తెలుసుకుని, ఎలాగో సెటిల్ అయినవాడు. న్యూ లిన్‌లో రైలు స్టేషన్ పక్క అపార్ట్‌మెంట్లలో మా పై ఫ్లాట్ అతనిది. ఇద్దరి ఉద్యోగాలూ ఆల్బనీలో. అంటే పొద్దున్నే రైలెక్కి, సిటీలో దిగి, బస్సులకే వేసిన బస్‌వే మీద ఇంకో బస్సు పట్టుకుని, నగరాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు కొలుచుకుంటూ పోవాలి. అంత దూరం రోజూ పక్కపక్కన కూర్చుంటే మతం, రాజకీయం, రాష్ట్ర విభజన అన్నీ మాట్లాడేసుకోవడం అయిపోయి, చివరికి స్నేహం ఒక్కటే మిగులుతుంది.

యాకూబ్ కొత్తగా వచ్చినప్పుడు మా పేటలో పండగ నమాజుకు అతని ఫ్లాట్‌లో సోఫా గోడకు జరిపితే సరిపోయేదట. మరుసటేడు సోఫా బాల్కనీలోకి వెళ్లింది. ఆ పైఏడు ఫిజీ నుంచి వచ్చి స్థిరపడ్డ హనీఫ్ చాచా తన డైరీ మీది గది ఇచ్చాడు. (డైరీ అంటే ఇక్కడ పాలు, పేపరు, చాక్లెట్లు అమ్మే వీధి చివరి కొట్టు.) గదిలో అందరికీ నమాజు చేయించేదీ ఆయనే. సోమాలియావాళ్లు వచ్చారు, అఫ్ఘానీలు వచ్చారు, మలేషియా విద్యార్థులు వచ్చారు. ఆ వీధి ప్లంబరు, ఏడు తరాలుగా ఈ దేశంలోనే పుట్టిన కివీ, ఒక శుక్రవారం గదిలో పైపు బాగుచేయడానికి వచ్చాడు. పై శుక్రవారం పైపు పని లేకుండానే వచ్చాడు. జనాభా లెక్కలవాళ్లు దీన్ని పెరుగుదల అన్నారు. హనీఫ్ చాచా మాత్రం మెట్లు అరిగిపోతున్నాయన్నాడు.

గది నిండేకొద్దీ మొదట బయటికి వచ్చింది ఆడవాళ్లు. ఇందులో ఆ మతం ప్రత్యేకత ఏమీ లేదు. మా తెలుగు సంఘం ఉగాది సభలో కుర్చీలు చాలకపోతే ముందు లేచేది ఆడవాళ్లే. ముందు వరసలో కూర్చుని మహిళా సాధికారత మీద మాట్లాడేది మేము. యాకూబ్ భార్య ఖైరున్నీసా వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది. మంచాన ఉన్న కివీ ముసలివాళ్లను లేపి, స్నానం చేయించి, నవ్వించి వచ్చే మనిషి. ఫ్లాట్ రోజుల్లో ఆమె సోఫా వెనక వరసలో నిలబడి పండగ నమాజు చేసింది. జమాతు గదికి మారాక ఆమెకు షీర్‌ఖుర్మా వండటానికి సేమియా మిగిలింది.

ఆ ఏడు రంజాన్ నెల మొదలవకముందే ఆమె ఒక ప్రకటన చేసింది. వాళ్లింట్లో మొగుడూ పెళ్లాలు ఉర్దూలో మాట్లాడుకుంటారు. ఈ మాట మాత్రం, నేను కూర్చుని ఉండగా, సాక్షి ఉండాలని కాబోలు, తెలుగులో చెప్పింది.

“మా ఊర్ల ఆడోళ్లు ఈద్గాకు పోయే అలవాటు లేకుండె. నేనేం అడగలే. ఈడ పోయిన. నిలబడ్డ. మంచిగనిపించింది. మళ్ల ఇంట్ల కూసోమంటే కూసుంటనా? ఈసారి షీర్‌ఖుర్మా చెయ్య, నమాజుకే వస్త. జాగ చూసే బాధ్యత మీది.”

యాకూబ్ నా వైపు చూశాడు. నేను షీర్‌ఖుర్మా లేని పండగను ఊహించుకుని వెంటనే సాయం చేస్తానన్నాను. ఫారాలంటే నాకు భయం లేదు. కోనసీమలో రేషన్ కార్డు మీద మా నాయనమ్మను మా తాతయ్య కూతురిగా రాస్తే, ఆమె బతికి ఉండగానే మళ్లీ భార్యగా మార్పించిన కుటుంబం మాది.

మా పేటకు దగ్గర్లో ఒక పెద్ద హాలుంది. దాన్ని నడిపేది వెస్ట్‌రిడ్జ్ సామూహిక మందిరాల ట్రస్టు. ఆ ట్రస్టులో సమ్మిళిత ఉత్సవాల సీనియర్ సలహాదారు పేరు హెదర్. ఇంత మంచి మనిషిని నేను ఈ దేశంలో చూడలేదు. మమ్మల్ని చూడగానే ఇక్కడి మూలవాసుల మావోరీ భాషలో స్వాగతం చెప్పి, ఇంగ్లీషులో కూర్చోమని, నమస్తే అని యాకూబ్‌కు, సలాం అని నాకు చెప్పింది. వైవిధ్యమే తమ ట్రస్టుకు ప్రాణమంది. ఆ ప్రాణాన్ని ఇక నుంచి యాప్‌లో అప్లోడ్ చేయాలంది.

యాప్ మొదటి ప్రశ్న పెరుగుదల గురించే. మీ సమాజం రాబోయే ఐదేళ్లలో ఏ మేరకు పెరగబోతోంది? (పార్కింగ్ అంచనాల విభాగానికి కావాలట.) అది తన చేతిలో లేదని యాకూబ్ వినయంగా చెప్పాడు. ఉజ్జాయింపుగా చాలంది హెదర్. ‘వేగంగా’ అని నొక్కితే ట్రాఫిక్ ఇంజనీరు నివేదిక అడిగింది. ‘పెరగదు’ అని నొక్కితే, అలాంటప్పుడు మీకు ఇంత హాలు దేనికని అడిగింది. చివరికి ‘మితంగా’ అని నొక్కాం. ఇకముందు మితంగానే పెరుగుతామని యాకూబ్ స్క్రీన్ మీద వేలితో సంతకం చేశాడు. ఒక ప్రపంచ మతం తరఫున ఇలాంటి హామీ ఇచ్చిన మొదటి కంప్యూటర్ ఉద్యోగి అతనేనని నా నమ్మకం.

రెండో ప్రశ్న తేదీ. ఇక్కడ కథ అడ్డం తిరిగింది.

పండగ బుధవారమైనా కావచ్చు, గురువారమైనా కావచ్చు, ముందురోజు సాయంత్రం నెలవంక కనబడితే తెలుస్తుందని యాకూబ్ వివరించాడు. హెదర్ శ్రద్ధగా రాసుకుంది. అయితే కార్యక్రమం తేదీని నిర్ణయించేది మీరు కాదా అని అడిగింది. కాదన్నాడు. చంద్రుడా అంది. అవునన్నాడు. హెదర్ నిబంధనల పుస్తకం తిరగేసి, చంద్రుడు ‘బయటి సరఫరాదారు’ కింద వస్తాడని తేల్చింది. బయటి సరఫరాదారు ఇరవై పనిదినాల ముందుగా రాతపూర్వకంగా హాజరును ఖాయం చేయాలి. హాలు ఆవరణలో అడుగుపెట్టే పక్షంలో భద్రతా శిక్షణ కూడా తీసుకోవాలి. (అడుగుపెట్టడని యాకూబ్ హామీ ఇచ్చాడు. ఆ మేరకు మినహాయింపు దొరికింది.)

చంద్రుణ్ణి చూడటానికి జనం పక్కనున్న గుట్ట ఎక్కుతారని నేను నోరు జారాను. పైకి చూస్తూ నడిచేవాళ్లు కింద పడే ప్రమాదం ఉంది కాబట్టి గుట్ట మీద కోన్లు పెట్టించాలని ఇంకో షరతు చేరింది. యాకూబ్ నన్ను ఆ రోజు నుంచి హెదర్ ముందు నోరు తెరవనివ్వలేదు.

రెండు రోజులూ బుక్ చేసుకుంటామన్నాం. అది కుదరదు. గురువారం హాలు ఇండోర్ బౌల్స్ క్లబ్బువాళ్లది. తివాచీ మీద బంతులు దొర్లించే ఆ క్లబ్బుకు మా నాన్నకు పెళ్లి కాకముందు నుంచీ గురువారం మీద హక్కుంది. ఒకప్పుడు హాలు నిండేదట, ఇప్పుడు ఒక కారులో పట్టేంత మంది మిగిలారు. వ్యవస్థ నియమం అక్కడే నాకు అర్థమైంది: తగ్గిపోయేవాళ్లకు హక్కు ఉంటుంది, పెరిగేవాళ్లు దరఖాస్తు పెట్టుకోవాలి.

క్లబ్బు కార్యదర్శి ఇంటికే వెళ్లి అడిగాం. పెద్దాయన మాకు టీ ఇచ్చాడు. ఆ వారం తామంతా చలికి తట్టుకోలేక ఆస్ట్రేలియా బీచ్‌కు పోతున్నామని, హాలు ఖాళీగానే ఉంటుందని, నిక్షేపంగా వాడుకోమని చెప్పి, ఆ మాటే ట్రస్టుకు ఈమెయిల్ కూడా పెట్టాడు. ట్రస్టు ఆయనకు కృతజ్ఞతలు తెలిపి, హక్కు బదిలీ చేయడానికి వీల్లేదని జవాబిచ్చింది. ఖాళీగా ఉంచే హక్కు కూడా ఆ హక్కులో భాగమేనట.

అంటే తేదీ ఒక్కటే చెప్పాలి, ముందే చెప్పాలి, రాసివ్వాలి. ఖైరున్నీసా అప్పటికే సోమాలీ ఆడవాళ్లకూ మలేషియా అమ్మాయిలకూ కబురు పంపేసింది. యాకూబ్ బస్సులో కిటికీలోంచి ఆకాశం కేసి చూడటం మొదలుపెట్టాడు.

అప్పుడు ఆదుకున్నవాడు కిషన్‌రావు. ఆయనకు న్యూ లిన్‌లో పప్పులూ పచ్చళ్లూ అమ్మే కొట్టుంది. కరీంనగర్ మనిషి, తెలియని విషయం లేదు, ఉన్నా ఒప్పుకోడు. మా గోడు విని ఆయన గల్లాపెట్టె వెనక గోడకు తగిలించిన పంచాంగం కాలెండర్ తీశాడు.

“చంద్రున్ని చూసుడుకు గుట్టెక్కుడెందుకయా? అచ్చులనే ఉన్నది. ఇగో, ఆషాఢ శుద్ధంల చంద్రదర్శనం. మంగళారం పొద్దుగూకంగ. బుధారం నీ పండుగ. రాసియ్యి.”

ఇన్ని శతాబ్దాలుగా ముస్లింలు నెలవంక కోసం ఎందుకు మెడలు నొప్పెట్టేలా చూస్తున్నారో ఆ క్షణంలో మాకెవరికీ అర్థం కాలేదు. మాతో కొట్టుకు వచ్చిన హనీఫ్ చాచా ఒక్కడే, కనబడితేనే కనబడ్డట్టు గదా అని గొణిగాడు. పెద్దాయన గదా అని ఊరుకున్నాం. యాకూబ్ కాస్త తటపటాయించాడు కాని, ఇంట్లో పరిస్థితి గుర్తొచ్చి తల ఊపాడు.

పంచాంగం చూసి హెదర్ కళ్లు మెరిశాయి. ఏడాది ముందుగా, నిమిషాలతో సహా, చంద్రుడి కార్యక్రమాలన్నీ అచ్చువేసిన పత్రం! ఇలాంటి క్రమశిక్షణ గల సరఫరాదారును తన సర్వీసులో చూడలేదంది. దీన్ని జారీ చేసేది ఎవరని అడిగితే సిద్ధాంతులని చెప్పాను. ‘చంద్ర అధికార సంస్థ, హైదరాబాద్’ అని టైపు చేసుకుంది. కింద వినాయకుడి బొమ్మను అధికార ముద్రగా గుర్తించారు. ఆ సాయంత్రానికి యాప్‌లో ఆకుపచ్చ టిక్కు పడింది: రంజాన్ పండగ, బుధవారం, ఖాయం.

మంగళవారం సాయంత్రం గుట్టెక్కాం. కోన్ల మధ్యలోంచి నడుస్తూ పైకి చూశాం. పడమటి ఆకాశం కడిగినట్టుంది. తప్పు మోపడానికి ఒక మబ్బయినా లేదు. చంద్రుడూ లేడు. చీకటి పడేదాకా నిలబడ్డాం. ప్లంబరు తెచ్చిన దుర్భిణిలో కూడా చూశాం. ఉపవాసం ఇంకొక రోజు ఉందని హనీఫ్ చాచా ప్రకటించాడు. ఆయన ముఖంలో ఎత్తిపొడుపు లేకపోవడం మమ్మల్ని మరీ బాధించింది.

కిషన్‌రావు మాత్రం కాలెండర్‌ను ఫోను వెలుగులో తిప్పి తిప్పి చూస్తున్నాడు. కాసేపటికి అడుగున సన్నటి అక్షరాలు చదివి, గొంతు తగ్గించి, ఈ కాలమానం హైదరాబాద్‌దని చెప్పాడు. మనకు పొద్దుగూకేసరికి హైదరాబాద్‌లో ఇంకా మధ్యాహ్నం భోజనాలు కాలేదు. అక్కడ సాయంత్రం కనబడాల్సిన నెలవంక మనకు అప్పుడే ఎలా కనబడుతుంది? ఈ దేశానికి వచ్చిన నాటి నుంచీ అమ్మకు ఫోను చేయాలంటే వేళ్ల మీద గంటలు లెక్కపెట్టుకునే ముగ్గురు మనుషులం, చంద్రుడి విషయంలో లెక్కపెట్టడం మరిచిపోయాం.

“కాలెండర్ తప్పు లేదు సాబ్,” అన్నాడు యాకూబ్. “అది మన ఊరి చంద్రుడు.”

అక్కణ్ణుంచే హెదర్‌కు ఫోను చేశాడు. మీ కాల్ మాకు చాలా ముఖ్యమని మెషీన్ చెప్పింది. బుధవారం పొద్దున ఆఫీసు తెరవగానే హెదరే మాట్లాడింది. తేదీ మార్చాలంటే ఇరవై పనిదినాల ముందు అడగాలి. గురువారం క్లబ్బువాళ్లది, వాళ్లు దేశంలో లేకపోయినా వాళ్లదే. చివరి క్షణంలో రద్దు చేసుకుంటే మీ సంస్థ పేరు నమ్మదగని వాళ్ల జాబితాలో పడుతుంది, దయచేసి ఆ పని మాత్రం చేయకండని బతిమాలింది. చంద్ర అధికార సంస్థ మీద మీరు ఫిర్యాదు చేయవచ్చంటూ లింకు కూడా పంపింది. ఆమె గొంతులో నిజంగానే దుఃఖం ఉంది. ఈ దేశంలో కాదనడం కూడా కావలించుకుని కాదంటారు, కోప్పడటానికి మనకు ఎడం దొరకదు.

యాకూబ్ సెలవు గురువారానికి మార్చుకుని బుధవారం మామూలుగా ఆఫీసుకొచ్చాడు. ఆ రోజు నమాజు సమయానికి హాలు తలుపులు తెరిచారు. హీటర్లు వేశారు. పార్కింగ్‌లో కోన్లు పేర్చారు. ట్రస్టు పంపిన తనిఖీ అధికారి పలక పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆ సమయానికి మేమిద్దరం బస్‌వే మీద ఉన్నాం. ఖైరున్ పండగ బట్టలు మడిచి మళ్లీ బీరువాలో పెట్టేసిందని యాకూబ్ చెప్పాడు. ఆ మడతల అర్థం పెళ్లయినవాణ్ణి గనక నాకు తెలుసు.

ఆ సాయంత్రం నెలవంక తన వీలు చూసుకుని వచ్చింది. పండగ గురువారమైంది. అందరూ ఎక్కడికి పోవాలి? డైరీ మీది గదిలో మళ్లీ వంతులు వేద్దామని కొందరన్నారు. వంతులంటే మగవాళ్ల వంతులే. అప్పుడు ఖైరున్నీసా లేచి, హాలుకు తాళం ఉంటుంది గాని పార్కింగ్‌కు ఉండదు గదా అంది.

జూలై నెల, పడమటి ఆక్లండ్, పొద్దున్నుంచీ వాన. హాలు పార్కింగ్‌లో ప్లాస్టిక్ పట్టాలు పరిచారు. కిషన్‌రావు తప్పు దిద్దుకోడానికి తెలుగు సంఘం బతుకమ్మకు వేసే గుడారాలు వ్యానులో వేసుకొచ్చాడు. అవి ముసలివాళ్లకూ చంటిపిల్లల తల్లులకూ సరిపోయాయి. గాలికి అవి లేచిపోకుండా ఆయనొక గుంజ, నేనొక గుంజ పట్టుకున్నాం. కార్లకోసం గీసిన తెల్ల గీతలు ఉన్నాయి కాబట్టి వరసలు తిన్నగా వచ్చాయి. మగవాళ్ల వరసలు ముందు, వెనక ఆడవాళ్లవి, నేననుకున్నదాని కన్నా ఎక్కువ వరసలు. అన్నేళ్లు వీళ్లంతా ఏ వంటిళ్లలో ఉండిపోయారా అనిపించింది. చివరి వరసలో, హాలు అద్దాల తలుపు పక్కన, కొత్త బట్టల మీద ఆశ్రమంవాళ్ల రెయిన్‌కోటు వేసుకుని ఖైరున్నీసా నిలబడింది. అద్దంలోంచి లోపల పొడిగా, వెచ్చగా ఉన్న నేల కనబడుతోంది. హీటర్ల ఎర్ర దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. క్లబ్బువాళ్లు లేకపోయినా గురువారం వాటంతటవే వెలుగుతాయట.

ఆమె సజ్దాకు వంగి నీళ్లలో నుదురు ఆనించినప్పుడు నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిందో సిగ్గుతో వచ్చిందో తెలియదు గాని, వచ్చింది. వాన కాబట్టి కిషన్‌రావు గమనించలేదు. ఆయన కూడా నాకు కనబడకుండా మొహం అటు తిప్పుకుని ఉన్నాడు.

నమాజు అయ్యాక అందరూ కౌగిలించుకున్నారు. నేను ఖైరున్నీసా దగ్గరికి పోయి, మా వల్ల ఇలా అయిందని ఏదో చెప్పబోయాను.

“తడిస్తే తడిసిన గానీ నిలబడ్డ అన్నా,” అంది. “షీర్‌ఖుర్మా మాత్రం లేదు. మీ ఆంధ్రోళ్ల ఇంట్ల పులిహోర ఏమన్నుంటే పెట్టండ్రి.”

పులిహోర చేయించాం. ఆ సంగతి అక్కడితో ముగిసిందనుకున్నాం. ట్రస్టు ముగియనిచ్చే రకం కాదు. తర్వాతి సోమవారం బస్సులో ఉండగా యాకూబ్ ఫోనుకు హెదర్ దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. అభినందనలతో మొదలైంది. బుధవారం నాటి కార్యక్రమంపై తనిఖీ అధికారి నివేదిక జతచేసింది. శబ్దం: లేదు. ట్రాఫిక్‌కు ఆటంకం: లేదు. పార్కింగ్ ఉల్లంఘనలు: లేవు. చుట్టుపక్కల వాళ్ల ఫిర్యాదులు: లేవు. హాలును అప్పగించిన తీరు: మచ్చలేని శుభ్రత. (హాజరు అనే గడి ఆ ఫారంలో లేదు. ఉంటే వివక్ష అవుతుందని తీసేశారట.) ట్రస్టు చరిత్రలో అన్ని అంశాల్లో పూర్తి మార్కులు వచ్చిన మొదటి మతపరమైన కార్యక్రమం ఇదేనని, ఈ ఏటి సమ్మిళిత ఉత్సవ పురస్కారానికి ఏకగ్రీవంగా ఎంపికైందని ఉంది.

కింద ఇంకో పేరా ఉంది. గురువారంనాడు గుర్తుతెలియని గుంపు ఒకటి అనుమతి లేకుండా పార్కింగ్ స్థలంలో చేరి, వానలో ప్లాస్టిక్ పట్టాలు పరిచి, కార్ల చోటులో మనుషుల్ని నిలబెట్టిందని ట్రస్టు దృష్టికి వచ్చింది. వాళ్లెవరో తెలియదు. కొత్తగా వచ్చినవాళ్లు కావచ్చు, ఇక్కడి పద్ధతులు ఇంకా అలవాటై ఉండవు. యాకూబ్ సంస్థ వంటి బాధ్యత గల సంస్థ ముందుకొచ్చి వాళ్లకు ఒక పూట శిక్షణ ఇస్తే బాగుంటుంది. తేదీ యాప్‌లో ఎంచుకోవచ్చు.

యాకూబ్ ఆ పేరా రెండుసార్లు చదివి ఫోను నా చేతికిచ్చాడు. ఆఖరి వాక్యం నేనే పైకి చదివాను: ముస్లిం సమాజం ఇకముందు కూడా మొన్న బుధవారం పెరిగినట్టే పెరగాలని ట్రస్టు మనసారా కోరుకుంటోంది.